ఆపిన పరుగు కూడా పరుగే: షార్ట్‌స్టాప్ ఆజీ స్మిత్

(వ్యాయామ ఉపాధ్యాయులు, సాఫ్ట్‌బాల్ క్రీడాకారుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బేస్‌బాల్‌లో ఇన్‌ఫీల్డర్‌గా, అంటే బేస్‌ల దగ్గర కాపు కాసే ఫీల్డర్‌గా, పేరు తెచ్చుకున్న ఒక ఆటగాడి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ఆజీ స్మిత్‌ను ఎంచుకున్నాను. అమెరికా పెద్ద లీగ్‌లో 19 సీజన్లు ఆడిన మనిషి ఆయన. అన్నేళ్లలో కొట్టిన హోమ్ రన్లు, అంటే బంతిని నేరుగా గోడ దాటించిన దెబ్బలు, మొత్తం 28. గట్టి బ్యాటర్ ఒక్క సీజన్‌లోనే అన్ని కొట్టేస్తాడు. అయినా 2002లో, ఓటుకు అర్హత వచ్చిన మొదటి ఏడాదే, 91.7 శాతం ఓట్లతో ఆయన్ని మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. హోమ్ రన్ అంటే పడిచచ్చే దేశంలో ఇది ఎలా జరిగింది? నేను చెప్పదలుచుకున్న మాట ముందే చెప్పేస్తాను. కొట్టిన పరుగు ఎంతో, ఆపిన పరుగూ అంతే. ఈ లెక్కను ఆట చేత, జట్టు యజమానుల చేత, ఓటేసే పత్రికల వాళ్ల చేత ఒప్పించిన ఆటగాడు ఆజీ.

ఇక్కడ క్రికెట్ మాత్రమే తెలిసిన పెద్దలు కూడా ఉన్నారు కాబట్టి ముందు షార్ట్‌స్టాప్ పని ఏమిటో చెబుతాను. మైదానంలో బ్యాటర్ వరసగా తాకుతూ పరిగెత్తాల్సిన మూలలే బేస్‌లు. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడేవాడే షార్ట్‌స్టాప్. కుడిచేతి బ్యాటర్లే ఎక్కువ కాబట్టి నేలబారు బంతులు ఎక్కువగా అటే వస్తాయి. బ్యాటర్ పరిగెత్తాల్సింది తాను నిలబడే హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్ వరకు, అంటే 90 అడుగులు. మీరాడే సాఫ్ట్‌బాల్‌లో అది 60 అడుగులు. పెద్ద లీగ్ ఆటగాడికి ఆ పరుగుకు నాలుగు సెకన్లు, ఇంకో చిటికెడు పడుతుంది. ఈలోపు షార్ట్‌స్టాప్ బంతి దగ్గరికి చేరాలి, ఎడమ చేతి గ్లవ్‌తో అందుకోవాలి, గ్లవ్‌లోంచి కుడిచేతికి మార్చుకోవాలి, కాళ్లు సర్దుకుని విసరాలి. ఆ బంతి బ్యాటర్ కంటే ముందు ఫస్ట్ బేస్ మీదున్నవాడి గ్లవ్‌లో పడాలి. మన హైదరాబాద్ అజారుద్దీన్ బంతిని అందుకుంటూనే వికెట్ల మీదికి విసిరే తీరు చూసినవాళ్లకు దీని రుచి కొంత తెలుస్తుంది. కాకపోతే క్రికెట్‌లో అలాంటి రనౌట్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. షార్ట్‌స్టాప్‌కు రోజూ అదే పని. బంతిని ఆపడంతో పని సగమే అయినట్టు.

ఆజీ 1954 డిసెంబర్ 26న అలబామా రాష్ట్రంలోని మొబీల్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో రెండోవాడు. అతనికి ఆరేళ్లప్పుడు కుటుంబం లాస్ ఏంజలిస్‌లోని వాట్స్ అనే పేటకు మారింది. పేద నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు అది. 1965 ఆగస్టులో అక్కడ పెద్ద అల్లర్లు జరిగాయి. 34 మంది చనిపోయారు. పదేళ్ల ఆజీ, తోబుట్టువులు కాల్పుల భయంతో రాత్రిళ్లు నేల మీద పడుకున్నారు. తర్వాత కొన్నాళ్లకు తల్లిదండ్రులు విడిపోయారు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా పనిచేస్తూ తల్లి పిల్లల్ని పెంచింది.

ఆ పిల్లాడు ఒంటరిగా ఆడుకున్న ఆటలు రెండున్నాయి. పిల్లలూ, ఇవి మీకోసం చెబుతున్నాను. ఇంటి ముందు నిలబడి బంతిని ఇంటి కప్పు మీదుగా అవతలికి విసిరేవాడు. అది అటు పడేలోగా ఇల్లు చుట్టి పరిగెత్తి పట్టుకోవాలన్నది పందెం. రెండోది, వెల్లకిలా పడుకుని బంతిని పైకి విసిరి, కళ్లు మూసుకుని పట్టుకోవడం. కోచ్ లేడు, మైదానం లేదు, ఖర్చు లేదు. మొదటి ఆటతో కాళ్లకు వేగం వచ్చింది. రెండో ఆటతో, కంటికి ఆనకపోయినా బంతి ఎప్పుడు ఎక్కడ పడుతుందో చేతికి తెలిసింది. ఈ రెండో ఆట తర్వాత ఎక్కడ అక్కరకొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

హైస్కూల్ జట్టులో అతని పక్కన ఎడ్డీ ముర్రే ఉన్నాడు. తర్వాతి కాలంలో 3000 హిట్లు (బ్యాటర్‌ను బేస్ చేర్చే దెబ్బలు), 500 హోమ్ రన్లు దాటిన ముర్రే. ఆటగాళ్ల కోసం వెతికే స్కౌట్లు ముర్రేను చూసి వెళ్లారు. పక్కనున్న సన్నటి కుర్రాడు ఎవరికీ ఆనలేదు. 1973లో ముర్రేను పెద్ద జట్టు తీసుకుంటే, ఆజీని ఎవరూ తీసుకోలేదు. అతను చదువు మీద వచ్చిన కొద్దిపాటి స్కాలర్‌షిప్‌తో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో కాల్ పాలీ కాలేజీలో చేరి, పిలుపు లేకుండానే వెళ్లి బేస్‌బాల్ జట్టులో చోటు అడిగాడు. అక్కడి కోచ్ బెర్డీ హార్ అతని చేత ఎడమవైపు నిలబడి బ్యాటింగ్ చేయడం కూడా అలవాటు చేయించాడు. రెండు వైపులా ఆడగలిగితే బంతి వేసే పిచర్ ఎవరొచ్చినా ఇబ్బంది ఉండదు, పైగా ఎడమవైపు నుంచి ఫస్ట్ బేస్ ఒకటి రెండు అడుగులు దగ్గర. 1976లో డెట్రాయిట్ జట్టు తీసుకుంటానంది కానీ డబ్బు దగ్గర బేరం కుదరలేదు. అతను కాలేజీకి వెనక్కి వెళ్లాడు. 1977లో శాన్ డియేగో పాడ్రెస్ జట్టు కొత్త ఆటగాళ్ల ఎంపికలో నాలుగో రౌండ్‌లో ఎంచుకుని 5000 డాలర్ల బోనస్ ఇచ్చింది. ఒక్క వేసవి వాలా వాలా అనే చిన్న ఊళ్లో కింది లీగ్‌లో ఆడాడు. మరుసటి ఏడాది నేరుగా పెద్ద లీగ్‌లో దిగాడు.

1978 ఏప్రిల్ 20. శాన్ డియేగోలో అట్లాంటాతో మ్యాచ్. ఆజీ పెద్ద లీగ్‌లోకి వచ్చి నెల కూడా కాలేదు. జెఫ్ బరోస్ అనే బలమైన బ్యాటర్ రెండో బేస్ మీదుగా మధ్యలోకి గట్టిగా నేలబారు బంతి కొట్టాడు. ఆజీ తన ఎడమవైపుకు పరిగెత్తి గ్లవ్ చాచి దూకాడు. శరీరం గాల్లో ఉండగా బంతి నేల మీద తగిలి అడ్డంగా ఎగిరింది. గ్లవ్ వెళ్తున్నది ఒక దిక్కు, బంతి వెళ్తున్నది అతని వెనక్కి. అప్పుడు గ్లవ్ లేని కుడిచేయి వెనక్కి వెళ్లింది. ఉత్త చేత్తో ఆ బంతి పట్టాడు. పొట్ట మీద పడ్డాడు, పడినంత వేగంగా లేచాడు, ఫస్ట్ బేస్‌కు విసిరాడు. బరోస్ ఔట్.

ఈ వీడియో దొరుకుతుంది. వీలున్నవాళ్లు నెమ్మదిగా తిప్పి చూడండి. చేయి వెనక్కి వెళ్తున్నప్పుడు ఆయన బంతి కోసం తల తిప్పి వెతుక్కునేంత వ్యవధి లేదు. ఇందాక చెప్పిన కళ్లు మూసుకునే ఆట ఇక్కడ పనికొచ్చిందని నా నమ్మకం. నలభై ఏళ్లు దాటినా బేస్‌బాల్ చరిత్రలో గొప్ప ఫీల్డింగ్ ఏదంటే ఈ బంతి పేరే ముందు చెబుతారు. అయినా స్కోరు పుస్తకంలో అది మామూలు ఔట్‌గానే ఉంటుంది. షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కు అని రాసే 6-3. కాళ్ల దగ్గరికి మెల్లగా దొర్లి వచ్చిన బంతికి కూడా అదే 6-3.

ఆ సీజన్ చివర అక్టోబర్ 1న, అభిమానుల కోసం ఏదైనా చేయమని జట్టు ప్రచార విభాగం అడిగితే, మైదానంలోకి పరిగెత్తుతూ వెనక్కి పల్టీ కొట్టాడు. చిన్నప్పుడు రంపపు పొట్టు కుప్పల్లో దూకుతూ నేర్చుకున్న పల్టీ. అప్పటి నుంచి అది ఆయన గుర్తయిపోయింది. పేరు కూడా మాంత్రికుడు అని పడింది. కానీ పల్టీలు, పేరు చూసి మురిసిపోతే ఆ రెండో ఏడాది మన కళ్లకు ఆనదు. 1979 మొదట్లో వరసగా 32 సార్లు బ్యాటింగ్‌కు దిగి ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయాడు. ఆ సీజన్ సగటు .211. అంటే వెయ్యిసార్లకు 211 హిట్లు. ఏ కుర్రాడికైనా టెన్షన్‌తో నిద్ర పట్టని పరిస్థితి. అయినా జట్టు ఆయన్ని పక్కన పెట్టలేదు. ఎందుకంటే అవతలి జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడు ఆయన మైదానంలో కావాలి.

ఆ కావాలనడం ఏమిటో 1980 లెక్క చెప్పింది. విసిరిన బంతితో ఔట్ వస్తే విసిరినవాడి ఖాతాలో అసిస్ట్ రాస్తారు. ఆ ఏడాది ఆజీ 621 అసిస్టులు చేశాడు. 1924లో గ్లెన్ రైట్ చేసిన 601 రికార్డు అప్పటిదాకా అలాగే ఉంది. ఇప్పటికీ 621ని ఏ షార్ట్‌స్టాప్ దాటలేదు. అంటే మ్యాచ్‌కు దాదాపు నాలుగు ఔట్లు ఆయన చేతి మీదుగా పోయాయి. బ్యాటింగ్ సగటు మాత్రం .230.

టీచర్లూ, కోచ్‌లూ, ఇక్కడ మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. మన దగ్గర స్కూల్ మ్యాచ్ అయ్యాక షీటు చూసి ఎవరికి ఎన్ని ఎర్రర్లు అని లెక్కేస్తాం. ఎక్కువున్న అమ్మాయిని తర్వాతి మ్యాచ్‌కు కూర్చోబెడతాం. ఎర్రర్ ఎప్పుడు పడుతుంది? మామూలుగా పట్టాల్సిన బంతిని చేతిలోకి వచ్చాక జారవిడిస్తేనో, తప్పుగా విసిరితేనో పడుతుంది. బంతి దగ్గరికే వెళ్లనివాళ్లకు పడదు. పది అడుగుల అవతల నుంచి పోయే బంతిని నిలబడి చూసిన పిల్ల పేరు పక్కన సున్నా ఉంటుంది. ప్రాణం పెట్టి పరిగెత్తి, దూకి, అందీ అందని బంతిని తాకి, తొందరలో పక్కకు విసిరేసిన పిల్ల పేరు పక్కన ఒకటి ఉంటుంది. ఆ ఒకటి చూసి మనం తిడితే, మరుసటి మ్యాచ్ నుంచి ఆ పిల్ల కూడా నిలబడి చూస్తుంది. ఆజీ పెద్ద లీగ్ జీవితంలో 281 ఎర్రర్లు చేశాడు. మంత్రగాడు అన్నవాడి ఖాతాలో 281! అదే మనిషి ఖాతాలో 8375 అసిస్టులున్నాయి, షార్ట్‌స్టాప్‌లలో అది చరిత్రలోనే అత్యధికం. దయచేసి ఎర్రర్ల పక్కన ఇంకో గడి గీయండి. ఎన్ని బంతుల దగ్గరికి చేరిందో అందులో రాయండి.

సరే, కథలోకి వద్దాం. 1980 సీజన్‌కు ముందే శాన్ డియేగోలో జీతం దగ్గర గొడవ ముదిరింది. బ్యాటింగ్ రాని షార్ట్‌స్టాప్‌కు అంత డబ్బు ఎందుకన్నది యాజమాన్యం వాదన. ఆజీ ఏజెంటు పేపర్లో, ఈయనకు పార్ట్ టైమ్ పని కావాలి అని ప్రకటన వేస్తే, జట్టు యజమాని భార్య తన తోటలో మాలికి సహాయకుడి పని ఇస్తానంది. ఏటా మేటి ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డును ఆ ఏడాది నుంచే వరసగా గెలవబోయే మనిషికి ఇచ్చిన మర్యాద అది. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. 1981 నాటికి సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు తమ షార్ట్‌స్టాప్ గ్యారీ టెంపుల్టన్‌తో పడటం లేదు. టెంపుల్టన్ బ్యాటింగ్‌లో ఆజీ కంటే ఎన్నో రెట్లు మేలు. కార్డినల్స్ మేనేజర్ వైటీ హెర్జోగ్ ఆయన్ని ఇచ్చి ఆజీని తెచ్చుకోవాలనుకున్నాడు. ఆజీ ఒప్పుకుంటేనే మార్పిడి జరగాలని ఒప్పందంలో ఉంది. హెర్జోగ్ స్వయంగా శాన్ డియేగో వెళ్లి, నువ్వు షార్ట్‌స్టాప్‌లో ఉంటే మేం లీగ్ గెలుస్తాం అని చెప్పి ఒప్పించాడు. 1982 ఫిబ్రవరికి మార్పిడి పూర్తయింది.

హెర్జోగ్‌కు ఆట తెలుసు. సెయింట్ లూయిస్ మైదానంలో అప్పట్లో గడ్డి లేదు, సిమెంటు మీద పరిచిన ప్లాస్టిక్ పచ్చిక. దాని మీద నేలబారు బంతి దూసుకుపోతుంది, కానీ ఎగరడం మాత్రం ఒకే తీరున ఎగురుతుంది. ఆజీ లాంటి వేగమున్నవాడు ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడితే అటూ ఇటూ ఇంకా ఎక్కువ మేర చూసుకోవచ్చు. బ్యాటింగ్‌కు కూడా అదే సూత్రం. ఆ ఏడాది శిక్షణ శిబిరంలో హెర్జోగ్ ఆజీతో పందెం వేశాడు. నువ్వు గాల్లోకి కొట్టిన ప్రతి బంతికీ నాకు ఒక డాలర్, నేలబారున కొట్టిన ప్రతి బంతికీ నీకు ఒక డాలర్. గాల్లోకి లేపితే ఆ బలానికి బంతి ఎవరో ఒకరి చేతిలో పడుతుంది. నేల మీద కొడితే కాళ్ల వేగం పనికొస్తుంది. సీజన్ అయ్యేసరికి ఆజీ 300 డాలర్ల దాకా గెలిచాడు. ఒక్క ఉపన్యాసం లేకుండా ఒక ఆటగాడి బ్యాటింగ్ పద్ధతినే మార్చిన కోచింగ్ ఇది. ఆ అక్టోబర్‌లో కార్డినల్స్ మిల్వాకీ మీద ఏడు మ్యాచ్‌ల వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్, గెలిచింది. ఆజీ కెరీర్‌లో వరల్డ్ సిరీస్ గెలుపు అదొక్కటే. 1985లో, 1987లో ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఏడో మ్యాచ్‌లో ఓడిపోయారు.

1985 గురించి కొంచెం చెప్పాలి. ఆ ఏడాదే ఆజీకి సంవత్సరానికి సుమారు 20 లక్షల డాలర్ల ఒప్పందం దక్కింది. ఫీల్డింగ్‌కు ఇంత ధర ఏమిటని చాలామంది నోరెళ్లబెట్టారు. జులైలో ఫస్ట్ బేస్‌కు వెనక్కి దూకుతూ కుడి భుజం దెబ్బ తీసుకున్నాడు. విసిరే చేయి అది. షార్ట్‌స్టాప్‌కు అంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఆపరేషన్ వద్దనుకుని, బరువులెత్తి భుజం చుట్టూ కండ పెంచుకుని, నొప్పితోనే ఆడాడు. ముందు నుంచీ ఆయనది తుపాకీ లాంటి చేయి కాదు. బంతిని గ్లవ్‌లోంచి తీసి వదిలే వేగమే ఆయన బలం. ఇక మీదట మొత్తం దాని మీదే ఆధారపడ్డాడు. గోల్డ్ గ్లవ్ ఆ ఏడాదీ ఆగలేదు. 1980లో మొదలై 1992 దాకా, వరసగా 13.

అదే అక్టోబర్ 14న లాస్ ఏంజలిస్ డాడ్జర్స్‌తో లీగ్ ఫైనల్ ఐదో మ్యాచ్. సిరీస్ 2-2, స్కోరు 2-2, చివరి ఇన్నింగ్స్. ఆజీ ఎడమవైపు నిలబడ్డాడు. అప్పటిదాకా ఎడమవైపు నుంచి మూడు వేలకు పైగా సార్లు ఆడి ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. టామ్ నీడెన్‌ఫ్యూర్ వేసిన బంతిని కుడి గీత వెంబడి గోడ మీదికి లేపాడు. మ్యాచ్ అయిపోయింది. ఆ సిరీస్ ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా ఆయనకే ఇచ్చారు. అమెరికాలో ఆజీ అనగానే జనం ముందు ఈ హోమ్ రనే గుర్తు చేసుకుంటారు. నాకు మాత్రం అంతకంటే 1987 సీజన్ గొప్పది. సగటు .303. 104 పరుగులు చేశాడు, 75 పరుగులు చేయించాడు, 43 బేస్‌లు దొంగిలించాడు, అంటే బంతిని ఎవరూ కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరాడు. హోమ్ రన్లు సున్నా. సున్నా హోమ్ రన్లతో లీగ్ ఉత్తమ ఆటగాడి ఓటింగ్‌లో రెండో స్థానం! మొదటి స్థానం 49 హోమ్ రన్లు కొట్టిన ఆండ్రే డాసన్‌ది. .211 నుంచి .303 దాకా వచ్చిన ఆ దారిలో పల్టీలు లేవు, మంత్రం లేదు. బరువులెత్తడం, నేలబారున కొట్టడం, మళ్లీ కొట్టడం, అంతే.

1991లో, 36 ఏళ్ల వయసులో, సీజన్ మొత్తానికి 8 ఎర్రర్లే చేశాడు. 1996లో కొత్త మేనేజర్ టోనీ లా రూసా వచ్చి రాయిస్ క్లేటన్ అనే కుర్ర షార్ట్‌స్టాప్‌కు ఎక్కువ మ్యాచ్‌లు ఇచ్చాడు. ఆజీకి అది నచ్చలేదు, శిక్షణ శిబిరంలో తానే మెరుగ్గా ఆడానని బహిరంగంగానే అన్నాడు. జూన్‌లో రిటైర్‌మెంట్ ప్రకటించాడు. 41 ఏళ్ల వయసులో ఆ చివరి సీజన్‌ను .282 సగటుతో ముగించాడు. సెప్టెంబర్ 28న కార్డినల్స్ ఆయన 1వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. మొత్తం 2573 మ్యాచ్‌లు, 2460 హిట్లు, 580 దొంగిలించిన బేస్‌లు.

చివరగా ఇంకో పేరు చెప్పి ఆపుతాను. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాక, ఒక ఫీల్డర్ ఎన్ని పరుగులు ఆపాడో అంచనా కట్టే లెక్కలు వచ్చాయి. ఆడే స్థానం ఎంత కష్టమో కూడా కలిపి లెక్కేసే బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ వారి జాబితాలో చరిత్ర మొత్తం మీద ఆజీ మొదటి స్థానంలో ఉన్నాడు. రెండో స్థానంలో బాల్టిమోర్ షార్ట్‌స్టాప్ మార్క్ బెలాంజర్. ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు. కానీ బ్యాటింగ్ సగటు జీవితమంతా .228 దగ్గరే ఉండిపోయింది. హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో మొదటి ఏడాదే ఐదు శాతం కూడా రాక ఆయన పేరు జాబితాలోంచి పోయింది. అందుకే మొదట నేను చెప్పిన మాటకు ఇది కూడా కలిపి పట్టుకెళ్లండి. ఆజీని మంత్రగాడిని చేసింది గ్లవ్. ఆ గ్లవ్ విలువ లోకం ఆగి చూసేలా చేసింది మాత్రం చేతకాని బ్యాటింగ్ మీద ఆయన పెట్టిన పదేళ్ల కష్టం. బెలాంజర్‌కు అన్యాయం జరిగిందనే ఇప్పటికీ అనుకుంటాను. దాని మీద మీలో ఎవరైనా వాదిస్తే వినాలని ఉంది. ప్రశ్నలు అడగండి, ముందు పిల్లలు.